పోటీకి దిగే ముందు

మేనకోడలికి,

2028 అక్టోబరు మున్సిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్‌గా నిలబడతానంటున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. చిలీ వాళ్ల కుర్చీ మన మపూచే ఆదివాసులకెందుకు, మన భూమి మనకిస్తే చాలనే వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకోకు, ఆ కోపం ఊరికే పుట్టలేదు. కాకపోతే వేసవిలో నీళ్ల ట్యాంకరు ముందు ఏ ఊరికెళ్లాలన్నా, వానల్లో ఏ మట్టిదారికి కంకర పడాలన్నా మున్సిపాలిటీ గడప తొక్కక తప్పదు.

పార్టీ ఆఫీసుకి తర్వాత, ముందు మన సముదాయం పెద్ద లొంకో దగ్గరికి వెళ్లు. మనవాళ్లంతా కూర్చునే సభ ట్రావున్‌లో నలుగురి ముందూ నీ మాట చెప్పు. వాళ్లు సరేనన్నాకే నామినేషన్ కాగితాలు ముట్టుకో. 1996లో తిరువాలో మేయరై, దేశంలోనే తొలి మపూచే మేయరుగా పేరు తెచ్చుకున్న అదోల్ఫో మిల్లాబుర్ సముద్రతీరపు మపూచేలైన లాఫ్కెంచె సముదాయాల ఉద్యమం మనిషి. పార్టీ పంపితే వచ్చిన అమ్మాయివనుకుంటే మనవాళ్లే నీకు ఓటెయ్యరు.

2021 రాజ్యాంగ సభలో ఆదివాసులకు 17 స్థానాలు కేటాయించారు, అందులో 7 మనవి. మున్సిపాలిటీలో అలాంటిదేమీ లేదు. మనలాంటి చిన్నచోట కౌన్సిలర్లు ఆరుగురే. నీకు పడిన ఓటు ముందు నీ జాబితా లెక్కలో చేరుతుంది. జాబితాకి ఎన్ని సీట్లో తేలాక, అందులో ఎక్కువ ఓట్లొచ్చిన వాళ్లకి అవి దక్కుతాయి. అంటే నువ్వు ఊరూరా తిరిగి తెచ్చిన ఓట్లతో ఇంకెవరో పెద్దమనిషి గెలిచి, నువ్వు బయటే మిగలొచ్చు. అందుకని జాబితాలో నీ పక్కన ఎవరున్నారో, వాళ్ల బలమెంతో ముందే కనుక్కో. కొత్తవాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే.

భూమి ఇప్పిస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకు. 1993 ఆదివాసుల చట్టం ప్రకారం భూముల నిధి ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కొనాది చేతిలో ఉంది, కౌన్సిలర్ చేతిలో కాదు.

గెలిస్తే బడ్జెట్ మీద కన్నేసి ఉంచు. అక్టోబరు మొదటి వారంలో మేయరు దాన్ని కౌన్సిల్ ముందు పెడతాడు, డిసెంబరు 15 లోగా మీరు తేల్చాలి. అప్పుడు మీరు ఖర్చు తగ్గించగలరు గానీ ఒక్క పెసో కూడా పెంచలేరు. కాబట్టి మన వంతెన అందులోకి ఎక్కాలంటే జూన్, జూలై చలిలోనే మేయరు వెంటపడాలి. అక్టోబరులో గొంతు చించుకుంటే పత్రికలో ఫొటో పడుతుందేమో, వంతెన రాదు.

ఇంకొకటి. సమావేశంలో నోటిమాటగా అడిగితే తల ఊపి ఊరుకుంటారు. కౌన్సిల్ ద్వారా రాతపూర్వకంగా సమాచారం అడుగు, మేయరు 15 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే ప్రభుత్వ సంస్థల లెక్కలు తనిఖీ చేసే కొంత్రలోరియాకి ఫిర్యాదు చెయ్యి. నకలు నీ దగ్గర ఉంచుకో.

మీ అత్త