సిట్రేట్ తినే బ్యాక్టీరియా వాదన ఎక్కడ తేలిపోతోంది?

జీవ పరిణామాన్ని ఒప్పుకోనివాళ్లతో వాదిస్తూ, ఆక్సిజన్‌లోనూ సిట్రేట్ (నిమ్మపండ్లలో ఉండే సిట్రిక్ ఆమ్లం రూపం) తినడం నేర్చిన ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాను చూపించారు. ‘దానికి కొత్త జన్యువు వచ్చింది’ అన్నారు, ‘అది ముందే ఉంది’ అని అవతలివాళ్లు కొట్టేశారు. చిక్కు మీ మాటలోనే ఉంది. జన్యువు పాతదే, కొత్తది దాని స్విచ్.

1. ముందు ఒప్పేసుకోండి: ఆక్సిజన్ లేనప్పుడు ఈ.కోలై సిట్రేట్‌ను వాడుకోగలదు. ఆక్సిజన్ ఉన్నప్పుడు మాత్రం, సిట్రేట్‌ను కణంలోకి తెచ్చే సిట్‌టీ జన్యువు పలకదు.

2. అందరూ వదిలేసేది ఇదే. జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ ఈ.కోలైని తరతరాలుగా పెంచుతూ 1988లో మొదలుపెట్టిన ప్రయోగంలోని 12 గుంపుల్లో ఒకదాంట్లో, సుమారు 31,500 తరాల నాటికి, ఆ సిట్‌టీ జన్యువున్న డీఎన్ఏ ముక్క రెండు కాపీలైంది. ఒక కాపీ ఆర్ఎన్‌కే అనే మరో జన్యువు ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే స్విచ్) కిందికి చేరింది. ఆ స్విచ్ ఆక్సిజన్‌లోనూ పనిచేస్తుంది! ఏదీ పోలేదు, ఒక కాపీ అదనంగా వచ్చింది. ‘మ్యుటేషన్ (జన్యు మార్పు) అంటే చెడగొట్టడమే’ అనే మాటకు జవాబు ఇక్కడుంది.

3. ‘ముందే రాసిపెట్టి ఉంది’ అంటే, ఆ ప్రయోగంలో తరాల వారీగా ఫ్రీజర్‌లో దాచిన నమూనాల సంగతి చెప్పండి. మళ్లీ పెంచితే 20,000వ తరం, ఆ తర్వాతి తరాల నుంచి తీసినవాటిలోనే ఈ గుణం తిరిగొచ్చింది. ముందే రాసిపెట్టి ఉంటే పాత తరాలవాటిలోనూ రావాలి కదా.

మాట బిగ్ బ్యాంగ్ వైపు మళ్లిస్తే వెళ్లకండి, అది వేరే ప్రశ్న.