ఎదురు సీటు, ఎదురు జెండా

ఈసారి ఉత్తరాల సంచి విప్పితే సగానికి సగం ఒకటే గోల. ఆఫీసులో పార్టీల గురించి, జెండాల గురించి జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లు ఇప్పుడు ప్రేమలో పడ్డారట! నాలుగు తీశాను. మొదటి ఉత్తరం నన్ను బాగా కూర్చోబెట్టింది, జాగా కూడా అదే తినేసింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్లు. మా ఉద్యోగుల సంఘంలో కార్యవర్గ సభ్యురాలిని. నా ఎదురు సీటతనికి సంఘం పేరెత్తితేనే ఒళ్లు మంట. ప్రభుత్వం వ్యాపారాలు చేయకూడదంటాడు, జీతం పనిని బట్టే పెరగాలంటాడు, సీనియారిటీ అనేది పని చేయనివాళ్ల గొడుగంటాడు. రెండేళ్లుగా మా మధ్య నడిచిందంతా తగువే. నేను నోటీసు బోర్డుకి అంటించిన కరపత్రంలో ఒక అంకె తప్పు పడితే, పక్కనే ఎర్ర సిరాతో సరైన అంకె వేసి కింద సంతకం కూడా పెట్టాడు. సమ్మె రోజున మేమంతా గేటు దగ్గర నిలబడి ఉంటే నా ముందు నుంచే లోపలికి వెళ్లాడు. తలైనా వంచుకోలేదు. ఆ రాత్రి కోపంతో నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రోజే పై అధికారి అతన్ని పిలిచి, గేటు దగ్గర ఎవరెవరు ఉన్నారో పేర్లు రాసి ఇమ్మన్నాడట. "హాజరుపట్టీ మీ దగ్గరే ఉంది, చూసుకోండి. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో రాయడం నా ఉద్యోగం కాదు" అన్నాడట. ఇది అతను నాకు చెప్పలేదు, అటెండరు చెప్పాడు. అప్పట్నుంచి నా కోపం నిలవడం లేదు. ఇప్పుడు సాయంత్రాలు బస్సు దాకా కలిసే నడుస్తున్నాం, దారంతా వాదించుకుంటూనే. పోయిన నెల ఇష్టమని చెప్పాడు. నాకూ ఇష్టమే. కానీ నేను నమ్మినదానికి ఎదురు ఓటు వేసే మనిషిని చేసుకుంటే నన్ను నేను అమ్ముకున్నట్టేనా? సంఘంలో మావాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అసలిది ప్రేమా, లేక తగువులాట అలవాటైపోయి అలా అనిపిస్తోందా?
— పేరు వేయొద్దు

జవాబు: పేరు వేయనులే తల్లీ. ఆ హాజరుపట్టీ మాట మాత్రం ఎవరికీ చెప్పకుండా ఉండలేను, అందుకే ఉత్తరం దాదాపు మొత్తం వేశాను.

నీ చివరి ప్రశ్న ముందు. 1965లో ఎలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. ఒక్కో అమ్మాయి గురించి మరొకామె ఏమనుకుంటోందో, ఆ అమ్మాయి చెవిన పడేలా ఏర్పాటు చేశారు. ఒకటి కాదు, ఏడుసార్లు. కొందరికి మొదటి నుంచీ మెప్పే. కొందరికి మొదట తిట్లు, పోనుపోను మెప్పు. చివర్న అడిగితే, మొదటి నుంచీ మెచ్చుకున్నామె కంటే తిట్టి తర్వాత మెచ్చుకున్నామే వాళ్లకు ఎక్కువ నచ్చింది. నాకిందులో వింతేమీ కనిపించదు. అందరినీ పొగిడేవాడి పొగడ్తకు విలువేముంది? ఎర్ర సిరాతో సంతకం పెట్టినవాడు బాగుందంటే ఆ మాట బరువే వేరు. కాబట్టి నీకు కలుగుతున్న పులకింతలో కొంత వాటా ఆ మలుపుదే. మలుపు ఒకసారే వస్తుంది. దాని వేడి తగ్గాక మిగిలేదేమిటో చూసుకోవాలి.

నీ విషయంలో మిగిలేది గట్టిదే అనిపిస్తోంది. అతను పేర్లు రాయనన్నది నీ కోసం కాదు, నీకు తెలుస్తుందని కూడా కాదు. సమ్మె తప్పని నమ్మాడు, పనిలోకి వచ్చాడు. పేర్లు మోయడం తప్పని నమ్మాడు, మోయలేదు. మొదటిది మీ అందరి ముందూ చేశాడు, రెండోది తలుపులు మూసిన గదిలో చేశాడు. రెండిట్లోనూ ఒకే మనిషి. ఎన్నో ఆఫీసులు చూసినదాన్ని చెబుతున్నాను, గేటు దగ్గర నీ పక్కన నిలబడి నినాదాలిచ్చిన వాళ్లలోనే ఆ గదిలోకి పిలిస్తే కాగితం అందుకునేవాళ్లు కొందరుంటారు.

అయితే ఇంతటితో శుభం కార్డు వేయను. జాన్ గాట్‌మన్ అనే పరిశోధకుడు సియాటెల్‌లో భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్లు పోట్లాడుకుంటుంటే ఏళ్ల తరబడి రికార్డు చేశాడు. దంపతుల తగువుల్లో 69 శాతం ఎప్పటికీ తేలవని ఆయన లెక్క. తేలకపోయినా కాపురాలు నడుస్తాయి. కాపురం కూలడానికి ఆయన పట్టుకున్న అన్నిటికంటే గట్టి గుర్తు ఈసడింపు. కళ్లు తిప్పడం, వెక్కిరింపు, "నీకేం తెలుసులే" అన్న ఆ పెదవి విరుపు. అందుకని అతను ఎవరికి ఓటు వేస్తాడన్నది నేను అడగను. మీ సంఘం కార్యదర్శి గురించి నీ ఎదుట ఎలా మాట్లాడతాడు? "మీవాళ్లందరూ సోమరిపోతులు, నువ్వొక్కదానివే వేరు" అంటాడా? అంటే జాగ్రత్త. చాలామంది ఆడపిల్లలు దాన్ని మెప్పనుకుంటారు. నీ వాళ్లందరినీ తిట్టి నిన్నొక్కదాన్నీ మినహాయించిన మనిషి, కోపం వచ్చిన రోజున ఆ మినహాయింపు ఎత్తేస్తాడు. ఇదే కొలబద్ద నీకూ పెట్టుకో. సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు అతని గొంతు అనుకరించి అందరినీ నవ్విస్తున్నావా?

ఇలాంటి జంటల మాట వస్తే అందరూ చెప్పే పేర్లు జేమ్స్ కార్విల్, మేరీ మాటలిన్. 1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఆయన బిల్ క్లింటన్ ప్రచారానికి ప్రధాన వ్యూహకర్త, ఆమె జార్జ్ బుష్ ప్రచారం నడిపిన ముఖ్యుల్లో ఒకరు. మరుసటి ఏడాదే పెళ్లి చేసుకున్నారు. ఇంట్లో రాజకీయాలు మాట్లాడుకోం అని చెప్పేవారు. బాగానే ఉంది గానీ, నీకు ఆ పద్ధతి నప్పదు. మీ ఇద్దరికీ బస్సు దాకా నడిచే దారిలో వాదన తప్ప వేరే కాలక్షేపమే ఉన్నట్టు లేదు! వాదన తీసేస్తే మాట్లాడుకోవడానికి ఏముంటుందో ముందే కనుక్కోండి. ఒక నెల పాటు ఓట్లూ జీతాలూ కాకుండా ఇంకేదైనా మాట్లాడి చూడండి. విసుగొస్తే అదీ ఒక జవాబే.

ఇంకొకటి. వాళ్లిద్దరి రాజకీయం వాళ్ల వృత్తి. మీ రాజకీయం మీ జీతాల కవర్లోకి వస్తుంది. రేపు సమ్మెలో నీ జీతం కోత పడుతుంది, అతనిది పడదు. ఆ నెల ఇంటి అద్దె ఎవరు కడతారు? కట్టి ఎత్తిపొడుస్తారా, ఊరుకుంటారా? సంఘానికి నువ్వు ఇచ్చే చందా ఎవరి డబ్బు? పిల్లలు పుడితే గేటు దగ్గరికి నీ వెంట వస్తారా? పెళ్లికి ముందు మాట్లాడుకోవలసినవి ఇవి. ప్రభుత్వం వ్యాపారం చేయొచ్చా అన్నది నిదానంగా ముసలితనంలో తేల్చుకోవచ్చు.

సంఘంవాళ్ల సంగతి. వాళ్లు నొచ్చుకుంటారు, తప్పదు. కాలం అలా ఉంది. అమెరికాలో 1960లో అడిగితే, తమ పిల్లలు ఎదుటి పార్టీవాళ్లను చేసుకుంటే బాధపడతామన్నవాళ్లు నూటికి నలుగురైదుగురే. 2010లో అదే ప్రశ్న అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది బాధపడతామన్నారు. శాంతో అయ్యంగార్, ఆయన తోటి పరిశోధకులు 2012లో ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూపించారు. అందుకని ఎవరో కబురు మోసేదాకా ఆగకు. కార్యదర్శికి నువ్వే చెప్పు, నలుగురిలో కాదు, విడిగా. చెప్పి, "యాజమాన్యంతో బేరాల లోపలి సంగతులు ఆయనకు ఒక్క ముక్క చేరవు, అనుమానం ఉంటే ఆ కమిటీలోంచి నన్ను తప్పించండి" అను. అతను కూడా పై గదిలో విన్నది నీకు మోయకూడదు. మోస్తే ఆ రోజు పేర్లు రాయనన్న మనిషి కాడు.

అమ్ముకోవడం అన్నావు. అతను నొచ్చుకుంటాడని కరపత్రంలో ఒక డిమాండు కొట్టేస్తే అప్పుడు అను ఆ మాట. ఇంతకీ ఆ ఎర్ర సిరా అంకె తర్వాతి కరపత్రంలో దిద్దారా, లేదా? అది రాయలేదు నువ్వు.

ప్రశ్న: మేడం, నేను టీమ్ లీడర్‌ని. నా టీమ్‌లో ఒకమ్మాయి నా పార్టీ అంటే మండిపడేది. మొదట్లో మీటింగుల్లోనే నాతో గొడవ పెట్టుకునేది. ఈ మధ్య మెత్తబడింది, నేను వాళ్ల నాయకుడి మీద జోకులేస్తే నవ్వుతోంది కూడా. నేను ఆమెను ఇష్టపడుతున్నాను. ఇది సరైన సమయమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: కాదు బాబూ. ఆమె వార్షిక నివేదిక ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలో. ఆ మెత్తదనానికి మీకు తోచిన అర్థం ప్రేమ. నాకు తోచినది ఇంక్రిమెంటు నెల. పై అధికారి జోకుకి నవ్వడం చాలా చోట్ల ఉద్యోగంలో భాగమే, దానికి జీతం కూడా రాదు. మునుపు గొడవ పడిన మనిషి ఇప్పుడు పడటం లేదంటే, మీతో గొడవ పడితే నష్టమని ఆమెకు తెలిసొచ్చి ఉండొచ్చు.

2019లో మెక్‌డొనాల్డ్స్ ప్రధానాధికారి స్టీవ్ ఈస్టర్‌బ్రూక్ ఒక ఉద్యోగినితో ఇద్దరి ఇష్టంతోనే సాగిన సంబంధం వల్ల పదవి పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ ఇష్టమైనా నియమం నియమమే. ముందు ఆమె పని ఇంకొకరి అజమాయిషీలోకి వెళ్లేలా చూడండి, దాని వల్ల ఆమెకు ఏ నష్టమూ రాకుండా. ఆ తర్వాత ఒక్కసారి అడగండి. వద్దంటే ఆ మాటను వద్దనే వినండి. ఈలోగా జోకులు ఆపేయండి, ఆమె నిజంగా నవ్వుతోందో లేదో అప్పుడు తేలిపోతుంది.

ప్రశ్న: అమ్మా, నేను సీరియల్ రాస్తున్నాను. ఒకే పత్రికాఫీసులో పనిచేసే ఇద్దరు విలేకరులు, చెరొక భావజాలం, మొదట శత్రువులు, తర్వాత ప్రేమికులు. వానలో ఇద్దరూ ఒకే గొడుగు కిందికి వచ్చాక మనసు మారినట్టు రాస్తే నమ్మశక్యంగా లేదని ఎడిటర్ తిప్పి పంపారు. ఎలా మార్చను?
— వర్ధమాన రచయిత్రి

జవాబు: మీ ఎడిటర్ చేతికి మొక్కాలి. వాన అభిప్రాయాలను మార్చదు, బట్టలను తడుపుతుంది.

ముందు ఒకటి చెప్పండి. హీరో వాదన రాసేటప్పుడు, ఆ వాదనని నమ్మేవాళ్లు చదివి "ఔను, సరిగ్గా చెప్పాడు" అనుకునేలా రాశారా? చాలామంది తమకు ఇష్టమైన పక్షానికి చురుకైన సంభాషణలన్నీ ఇచ్చేసి, ఎదుటివాడికి మొండితనం, పొగరు ఇస్తారు. అలాంటి మూర్ఖుణ్ని ఆమె ఎందుకు ప్రేమించిందో తర్వాత మీకే తెలియదు, అప్పుడు గొడుగు వెతుక్కుంటారు. ఇద్దరిలో మీకు నచ్చని మనిషికే మంచి వాదన ఇవ్వండి. కష్టమే. రాత్రిళ్లు కూర్చుని రాయాల్సింది అదే.

మలుపు ఒక పని మీద తిప్పండి. విలేకరులు కదా, ఎన్ని అవకాశాలు! తన పక్షం నాయకుడికి దెబ్బ తగిలే వార్త అతని చేతికి వస్తుంది. తొక్కిపెట్టడు, ఆమెకు ఇచ్చేయడు కూడా, తనే తన పేరుతో వేస్తాడు. ఆమెకు గొప్ప వార్త తప్పిపోయినందుకు ఒళ్లు మండుతుంది, అదే క్షణంలో అతని మీద గౌరవం పుడుతుంది. ఆ రెండూ కలిసిన చిరాకు మీద మూడు వారాలు నడపొచ్చు. పైన చెప్పిన 1965 ప్రయోగంలో కూడా తిట్లు ఒక్కసారిగా మెప్పు అయిపోలేదు, విడతలు విడతలుగా మారాయి. సీరియల్‌కి అంతకంటే ఏం కావాలి?

చివరి భాగంలో మాత్రం హీరోయిన్ చేత పార్టీ మార్పించకండి. ప్రేమించగానే ఆడమనిషి అభిప్రాయాలు కరిగిపోయే ముగింపులు ఇన్నేళ్లుగా చదివి చదివి నాకు మొహం మొత్తింది. ఇద్దరూ పెళ్లయ్యాక కూడా ఎదురెదురు సంపాదకీయాలు రాసుకుంటున్నట్టు వదిలేయండి.

ప్రశ్న: మేమిద్దరం ఒకే ఆఫీసు, వచ్చే నెల పెళ్లి. ఓటు మాత్రం ఎప్పుడూ చెరో పక్కే. "నీ ఓటు నా ఓటుని కొట్టేస్తుంది కదా, ఇద్దరం వెళ్లడం మానేసి హాయిగా సినిమాకి పోదాం" అంటున్నాడు. ఒప్పుకోనా?
— కాబోయే పెళ్లికూతురు

జవాబు: లెక్క చూడటానికి బాగుంది. రెండు పార్టీలే ఉండి, ఇద్దరి పేర్లూ ఒకే నియోజకవర్గం జాబితాలో ఉంటే సరిపోతుంది కూడా. అభ్యర్థులు పదిమంది ఉన్నప్పుడు, నువ్వు మానేసిన ఓటు మూడోవాడికి లాభం.

అయినా నా అనుమానం వేరే. సినిమా ఎన్ని గంటలకు? సాయంత్రం ఆట అయితే హాల్లోకి వెళ్లే ముందు అతని వేలు చూడు తల్లీ, సిరా చుక్క ఉందేమో.