కార్పల్ టన్నెల్‌కి ఆపరేషన్ లేకుండ ఏం పని చేస్తది? నేను ఒక్కోటి ట్రై చేసి చూసిన, చెప్త

తమ్మీ, జగిత్యాల దిక్కు అమ్మ ఎన్నో ఏండ్ల సంది బీడీలు చేస్తదని, రాత్రిపూట కుడిచెయ్యి తిమ్మిరెక్కి లేచి కూసుంటదని, డాక్టర్ కార్పల్ టన్నెల్ అన్నడని, ఆపరేషన్ కాకుండ ఏం చెయ్యొచ్చని అడిగినవ్ కదా. నేను హన్మకొండల టైలరింగ్ చేస్త, పొద్దంత కత్తెర పని, చేతి కుట్టు, నాకు రెండు చేతులకు ఇదే వచ్చింది, ఇప్పటిదాంక ఆపరేషన్ లేకుండనే పని చేసుకుంటున్న.

ముందుగల ఒకటి చూడు, అమ్మకు తిమ్మిరి ఏ వేళ్లకు వస్తుంది? బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు సగం, గివే అయితే కార్పల్ టన్నెల్‌ల నలిగే నరమే. చిటికెన వేలుకు వస్తే గాని మెడ నుంచి గుంజుతుంటే గాని వేరే సంగతి ఉండొచ్చు, డాక్టర్‌కు ఆ ముక్క తప్పకుండ చెప్పాలె. మణికట్టు కాడ ఇరుకు దారి ఉంటది, అదే కార్పల్ టన్నెల్, లంగా నేఫాల నాడాతోని పాటు ఇంకా తాళ్లు దూర్చినట్టు, అందుల తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటి నడుమ ఈ నరం. స్నాయువుల చుట్టు పొర జర వాసినా నరం నలుగుతది. నిద్రల చెయ్యి వంచి పంటం కాబట్టి రాత్రి ఎక్కువైతది, లేచి జాడిస్తే తగ్గుతది.

నేను చేసింది ఏందంటే అన్నీ ఒక్కసారి మొదలు పెట్టలె. ఒకటి పట్టుకొని కొన్ని వారాలు చూసుడు, రాత్రి లేచిన్నా లేదా అని క్యాలెండర్ మీద టిక్కు పెట్టుడు, తర్వాతనే ఇంకోటి. అట్ల చూస్తేనే ఏది పని చేస్తుందో, ఏది ఉత్త ఖర్చో తెలుస్తది.

నాకు అన్నిట్లకెల్ల ఎక్కువ పని చేసింది రాత్రి పెట్టుకునే రిస్ట్ స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండ పట్టే పట్టీ. కాని మెడికల్ షాపుల అడిగితే చానసార్లు సాగే బ్యాండ్ ఇస్తరు, అది వద్దు, గట్టిగ బిగిస్తే ఇంకా నొక్కుతది. లోపట రేకు పట్టీ ఉన్నది తీసుకో. ఆ రేకు కొన్నిట్ల పైకి వంగి వస్తది, బయటికి తీసి సాపుగ చేసి మళ్ల దూర్చాలె, మణికట్టు అటు వంగొద్దు ఇటు వంగొద్దు, నిటారుగ ఉండాలె. వేళ్లు మాత్రం ఆడాలె. మే నెల ఉక్కకు చెయ్యి చెమట పడ్తదని అమ్మ తీసి పడేస్తది, కింద పల్చటి కాటన్ గుడ్డ చుట్టు. మొదటి రాత్రులు చిరాకే, ఆరు వారాలన్న పెట్టినంక గాని పని చేయలేదని అనొద్దు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడ పని చేస్తది, జల్ది తగ్గుతది. ఫిజియోథెరపీ చదివే మా మేనకోడలు చెప్పింది, ఇంగ్లండ్‌ల 234 మందితోని చేసిన పరిశోధన 2018ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చిందట, ఆరు వారాలకు స్టెరాయిడ్ ఇంజెక్షనే మెరుగు, ఆరు నెలలకు మాత్రం స్ప్లింట్‌కు ఇంజెక్షన్‌కు తేడా కనపడలేదట. నాకు ఒక చేతికి ఇచ్చిన్రు, కొన్ని నెలలు మంచిగుండె, తర్వాత జర జర మళ్ల వచ్చింది. అమ్మకు షుగర్ ఉంటే ముందే చెప్పున్రి, ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతది.

నొప్పి గోలీలతోని నాకు తిమ్మిరి తగ్గలె. ఫిజియో నేర్పిన నరం కదిలించే వ్యాయామం హాయిగ అనిపించింది గాని ఒక్క దాని మీదనే ఆధారపడొద్దు. విటమిన్ బీ6 గోలీలు ఎవరో చెప్పిన్రని నెలల తరబడి మింగియ్యకు, డోసు ఎక్కువైతే అదే నరాలను పాడు చేస్తది.

షుగర్, థైరాయిడ్ టెస్టులు చేపియ్యి, రెండిట్లకెల్లి కూడ ఇది వస్తది. షుగర్ గోలి మెట్‌ఫార్మిన్ ఏండ్ల సంది వాడుతుంటే విటమిన్ బీ12 కూడ చూపియ్యి.

పని మానమంటే ఇల్లు ఎట్ల గడుస్తది, ఆ మాట నేను అనను. కత్తెర పదును పెట్టిస్తే చేతి మీద జోరు చాన తగ్గుతది, నాకు ఖర్చు లేకుండ కలిసొచ్చింది ఇదే. తునికాకు మంచిగ నానినంకనే కత్తిరించుమను, ఎండాకు కోస్తే వేళ్లు గట్టిగ నొక్కాల్సొస్తది. నడుమ నడుమ చెయ్యి దించి వేళ్లు చాపి మళ్ల పట్టుకొమ్మను.

అయితే ఇవన్నీ చూసుకుంట కూసునే టైం అందరికి ఉండదు. అమ్మ అరచేతిల బొటనవేలు కింది కండ చూడు, రెండు చేతులు పక్కపక్కన పెట్టి. అది సొట్ట పడ్డా, తిమ్మిరి పొద్దుమాపు తగ్గకుండ ఉన్నా, గిలాస చేతిలకెల్లి జారుతున్నా ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దు, నరం ఎక్కువ దెబ్బ తిన్నంక చేస్తే బలం మొత్తం తిరిగి రాకపోవచ్చు. ఆ భాగానికే మత్తు ఇచ్చి చేస్తరు, చిన్న ఆపరేషనే, భయపడొద్దని చెప్పు. నరం కరెంట్ టెస్ట్ చేసిన్రా? రిపోర్ట్‌ల మైల్డ్, మోడరేట్, సివియర్ ఏది రాసిన్రో చెప్పు, మైల్డ్ అయితే ఇయ్యాల రాత్రి నుంచే స్ప్లింట్ మొదలు పెట్టు తమ్మీ.