చెట్టు కుండీలో బతికింది, పిట్టకి జూ చాలదా?

ప్రశ్న: మేం సిడ్నీలో ఉంటాం. ఇక్కడ వోలెమీ పైన్ అనే చెట్టూ, రీజెంట్ హనీఈటర్ అనే నలుపూ పసుపూ పిట్టా రెండూ అంతరించిపోయే స్థితిలో ఉన్నాయంటారు. చెట్టేమో నర్సరీలో కొనుక్కోవచ్చు, మరి పిట్టని కూడా జూలో పెంచేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించిపోవడానికి అతి దగ్గర్లో ఉందనే ముద్ర రెండింటికీ ఉంది గానీ కష్టాలు వేరు.

1994లో డేవిడ్ నోబుల్ అనే పార్కు ఉద్యోగి ఓ లోతైన లోయలో చూసేదాకా వోలెమీ పైన్ బతికుందనే ఎవరికీ తెలీదు, ఇప్పటికీ అడవిలో పెద్ద చెట్లు వందలోపే. మన కడియం నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరకేరియా కుటుంబమే ఇది. అన్నీ ఒక్కచోటే ఉండటం ప్రమాదమే, బూట్ల మట్టితో వచ్చే ఫైటోఫ్తోరా తెగులు వేళ్లని కుళ్లబెడుతుంది, అది ఆ లోయలోకి చేరింది కూడా. కానీ ఒక్కచోటే ఉండబట్టే కాపలా కాయడమూ కుదిరింది, చోటు ఎక్కడో బయటికి చెప్పలేదు, 2019-20 కార్చిచ్చులో విమానాలతో మంటలు అడ్డుకునే మందు చల్లి, హెలికాప్టర్లలోంచి మనుషుల్ని దించి నీళ్ల పైపులు పెట్టి మరీ కాపాడుకున్నారు. పైగా కొమ్మ నాటితే మొక్కొస్తుంది, అలా పెంచినవే 2006 నుంచి జనానికి అమ్ముతున్నారు.

పిట్టకి ఇవేవీ కుదరవు. యూకలిప్టస్ ఎక్కడ పూస్తే తేనె కోసం అక్కడికి వందల కిలోమీటర్లు పోతుంది, ఇంక కంచె ఎక్కడ వేస్తాం? ఆ చెట్లున్న మంచి నేలలన్నీ పొలాలకీ పశువుల మేతకీ కొట్టేశారు, మిగిలిన ముక్కల్లో నాయిసీ మైనర్ అనే ఇంకో పిట్ట గుంపులుగా పడి దీన్ని తరిమేస్తుంది. అడవిలో మిగిలినవి కొన్ని వందలే.

నాకు అన్నిటికన్నా బాధనిపించేది పాట సంగతి. మగపిల్లలు పాటని పెద్ద మగపిట్టల దగ్గర విని నేర్చుకోవాలి, ఇప్పుడు వినడానికి పెద్దవి దగ్గర్లో లేక కొన్ని వేరే జాతుల పాటలు పాడుతున్నాయి. 2021లో వచ్చిన పరిశోధనలో అలాంటి మగవి దాదాపు 12 శాతం అని తేలింది, సొంత పాట రాకపోతే ఆడపిట్ట దగ్గరికి రావడం కష్టం. అందుకే టరోంగా జూలో పుట్టినవాటికి సొంత జాతి పాట నేర్పి వదులుతున్నారు. మంచి పనే, కానీ వదిలాక వాలడానికి పూసే చెట్లుండాలి కదా, నా దృష్టిలో ముందు కావాల్సింది ఆ చెట్లే.

మీరు కుండీలో వోలెమీ తప్పకుండా పెంచుకోండి. పిట్ట కోసమైతే, అది గూళ్లు కట్టే చోట్లలో ఒకటైన కేపర్టీ లోయ మీకు దూరమేం కాదు, అక్కడ వాలంటీర్లు ఏళ్లుగా యూకలిప్టస్ మొక్కలు నాటుతున్నారు, వీలైతే పిల్లల్ని కూడా తీసుకుని వెళ్లి ఓ చెయ్యి వేయండి.