టెక్ సందేహాలు: అరవై పేజీలూ రియాక్ట్‌లోకి మార్చేయాలా?

ప్రశ్న: మేం నలుగురం కలిసి బేగంబజార్ హోల్‌సేల్ షాపుల కోసం బిల్లింగ్, స్టాక్ యాప్ నడుపుతున్నాం. ఏడేళ్ల కిందట జాంగోలో (సర్వర్ వైపు నడిచే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) రాసింది. దాదాపు అరవై టెంప్లేట్లు, అంటే సర్వర్ డేటా నింపి పంపే పేజీ నమూనాలు, ఉన్నాయి. బిల్లులో ఒక్కో ఐటమ్ చేర్చినప్పుడల్లా పేజీ మొత్తం రీలోడ్ అవుతోందని షాపులవాళ్లు విసుక్కుంటున్నారు. అంతా తీసేసి రియాక్ట్‌లో (బ్రౌజర్‌లోనే పేజీ గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మళ్లీ రాద్దామని మా పార్ట్‌నర్ అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మూసాపేట

జవాబు: అరవై పేజీల జోలికి వెళ్లకండి. బిల్లింగ్ పేజీ ఒక్కటి మార్చండి. అది షాపుల్లో ఒక నెల నడిచాక మిగతావాటి సంగతి ఆలోచించవచ్చు.

అసలు విసుగు ఎక్కడ పుడుతోందో చూడండి. ఉదయం పదకొండు గంటలకు స్టీలు సామాన్ల షాపులో కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఇడ్లీ పాత్ర అని టైప్ చేసి ఎంటర్ నొక్కుతాడు. ఫారం సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ డేటాబేస్ చదివి, టెంప్లేటు నింపి, పేజీ మొత్తం తిరిగి పంపిస్తుంది. బ్రౌజర్ పాత పేజీని పారేసి కొత్తది గీస్తుంది. కర్సర్ ఐటమ్ బాక్సులోంచి పోతుంది. ఆ కుర్రాడు మళ్లీ మౌస్ పట్టుకుని బాక్సులో క్లిక్ చేయాలి. నలభై ఐటమ్‌ల బిల్లయితే నలభైసార్లు ఇదే తంతు. రీలోడ్‌కు పట్టే సమయం కన్నా ఆ కర్సర్ పోవడమే ఎక్కువ చిరాకు పెడుతుందని నా అనుభవం. ఒకసారి మీరే ఆ కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి చూడండి.

ఈ పేజీని బ్రౌజర్‌లోనే గీయిస్తే ఐటమ్‌ల జాబితా ఒక్కసారే దిగుతుంది. చేర్చడం, తీసేయడం, మొత్తం వేయడం అక్కడికక్కడే జరిగిపోతాయి. సేవ్ నొక్కినప్పుడే సర్వర్‌తో పని. లోపలి సందుల్లో నెట్ రెండు నిమిషాలు పోయినా సగం కొట్టిన బిల్లు చెదరదు. అయితే సేవ్ అయ్యేటప్పుడు ధరలు, మొత్తం సర్వర్ మళ్లీ లెక్కవేసుకోవాలి. బ్రౌజర్ పంపిన అంకెలను నమ్మి డేటాబేస్‌లో వేయకండి.

నెలకోసారి తెరిచే జీఎస్టీ రిపోర్టుకు ఇవేవీ అక్కర్లేదు. పైగా నష్టం కూడా ఉంది. సర్వర్ తయారుచేసిన పేజీ రాగానే కనిపిస్తుంది. బ్రౌజర్ గీసే పేజీ కనిపించాలంటే ముందు జావాస్క్రిప్ట్ దిగాలి, నడవాలి, ఆ తర్వాత డేటా అడిగి తెచ్చుకోవాలి. అందాకా తెల్ల తెరే. చవక ఫోన్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ట్విటర్ 2010లో పేజీ గీసే పనిని బ్రౌజర్‌కు అప్పగించింది. రెండేళ్లు తిరగకముందే, 2012 మేలో, మొదటి పేజీని తిరిగి సర్వర్‌లోనే తయారుచేయడం మొదలుపెట్టి, పేజీ తెరుచుకునే సమయం ఐదో వంతుకు తగ్గిందని ప్రకటించింది. అంత పెద్ద ఇంజినీర్ల బృందమే వెనక్కి తిరిగిన దారి ఇది. నలుగురున్న మీరు ఆలోచించి అడుగేయడంలో తప్పులేదు.

మధ్యేమార్గం కూడా ఉంది. స్టాక్ సవరణ, కస్టమర్ వివరాల్లాంటి పేజీలకు హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ సరిపోతుంది. సర్వర్ పేజీ మొత్తం కాకుండా మారిన ముక్కను మాత్రం పంపితే, అది ఆ ముక్కను దాని చోట పెడుతుంది. మీ టెంప్లేట్లే పనికొస్తాయి.

బిల్లింగ్ పేజీని రియాక్ట్‌లో రాసినా జాంగో లోపలే ఉంచండి. టెంప్లేటులో రియాక్ట్ గీయడానికి ఒక ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె), దాని కింద స్క్రిప్టు. మొదటి డేటాను జాంగోలోని జేసన్ స్క్రిప్ట్ ఫిల్టర్‌తో (జేసన్ అంటే డేటాను రాసి పంపే ఒక పద్ధతి) పేజీలోనే పెట్టి పంపితే మళ్లీ అడిగే పని తప్పుతుంది. డొమైన్ ఒక్కటే కాబట్టి పాత లాగిన్ కుకీతోనే నడుస్తుంది. వేరే సైట్లు మీ యూజర్ పేరుతో ఫారాలు పంపకుండా అడ్డుకునే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను రిక్వెస్టు హెడర్‌లో పంపడం మాత్రం మరవకండి. చాలా ట్యుటోరియల్స్‌లో లాగిన్ టోకెన్‌ను బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో దాచమని చూపిస్తారు. మీకు ఆ అవసరమే లేదు. అక్కడ పెట్టినదాన్ని పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా చదవగలదు. జాంగో లాగిన్ కుకీ మామూలుగా హెచ్‌టీటీపీ ఓన్లీ రకం, దాన్ని చదవడం జావాస్క్రిప్ట్‌కు కుదరదు.

ఇక, దయచేసి ఈ మాట మీ పార్ట్‌నర్‌కు కూడా చదివి వినిపించండి. టెంప్లేటులో మీరు రాయని ఫీల్డు సర్వర్ దాటి బయటికి వెళ్లదు. ఏపీఐలో, అంటే బ్రౌజర్ సర్వర్ నుంచి డేటా అడిగి తెచ్చుకునే దారిలో, అలా కాదు. జేసన్‌లో పెట్టిన ప్రతిదీ యూజర్ చేతికి వెళ్లిపోయినట్టే, తెర మీద చూపించినా చూపించకపోయినా. చాలా ఏళ్ల కిందట ఒక పంపిణీదారు ఆర్డర్ల యాప్‌ను ఇలాగే మార్చే పనిలో నేనున్నాను. సీరియలైజర్‌లో (డేటాను జేసన్‌గా మార్చే కోడ్) ఫీల్డులు ఒక్కొక్కటి రాయకుండా 'అన్నీ' అని పెట్టింది నేనే. తెర మీద అమ్మకం ధర ఒక్కటే కనిపించేది. ఆ యాప్ వాడే ఒక దుకాణదారు కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, సర్వర్ పంపినదంతా చూపే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే పంపిణీదారు కొన్న ధర కూడా ఉంది. మర్నాడు వాళ్ల నాన్న బేరం ఆ ధర నుంచే మొదలైంది. ఆ రోజు పంపిణీదారు ముందు నిలబడ్డప్పటి బాధ నాకింకా గుర్తుంది. మీ షాపుల్లో కొన్న ధర, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఎవరి అప్పు ఎంతో అన్నీ ఉంటాయి. కాబట్టి ఫీల్డులను పేరు పేరునా రాయండి. బటన్లదీ ఇదే సంగతి. 'ఓనర్ అయితేనే డిలీట్ బటన్ చూపించు' అని టెంప్లేటులో రాసిన షరతు, ఏపీఐలో అనుమతి తనిఖీగా మళ్లీ రాయాలి. తెర మీద బటన్ దాస్తే సరిపోదు.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త. జూన్ 1 అని ఎంచుకుంటే చాలా క్యాలెండర్లు దాన్ని మన టైమ్‌లో అర్ధరాత్రి 12గా తీసుకుంటాయి. దాన్ని జావాస్క్రిప్ట్‌లోని టు ఐఎస్ఓ స్ట్రింగ్‌తో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లోకి మారిస్తే మే 31 సాయంత్రం 6:30 అవుతుంది, మన టైమ్ యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందు కదా. అందులోంచి తేదీ కత్తిరించి పంపితే జూన్ 1 బిల్లు మే నెల జీఎస్టీ లెక్కలోకి పోతుంది. తేదీని తేదీగానే పంపండి.

ప్రశ్న: మా స్కూల్ ఫీజుల సైట్‌ను వ్యూలోకి (రియాక్ట్ లాంటిదే) మార్చాం. లింకులు నొక్కితే పేజీలన్నీ వస్తున్నాయి. రిఫ్రెష్ కొడితే 404 (పేజీ లేదు) వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: లింకు నొక్కినప్పుడు అడ్రస్ మార్చేది బ్రౌజర్‌లోని రౌటర్. సర్వర్‌కు ఆ సంగతి తెలియదు. రిఫ్రెష్ కొడితే ఆ అడ్రస్ నేరుగా సర్వర్‌కు వెళుతుంది, అక్కడ ఆ పేరుతో ఫైలు లేదు. మీ వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ అయితే దాని సెట్టింగుల్లోని ట్రై ఫైల్స్ వరుసలో చివరికి ఇండెక్స్ పేజీ ఇచ్చేలా రాయండి. ఏపీఐ అడ్రస్‌లను మాత్రం దీని నుంచి మినహాయించండి. లేకపోతే తప్పు ఏపీఐ అడ్రస్‌కు కూడా ఇండెక్స్ పేజీ 200 (అంతా సరే) కోడ్‌తో వచ్చి, జేసన్ కోసం చూస్తున్న కోడ్ ఎర్రర్ కొడుతుంది, కారణం వెతకడానికి సగం రోజు పోతుంది.

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. పాత పీహెచ్‌పీ సైట్ ఉన్నప్పుడు చీర లింకు వాట్సాప్‌లో పెడితే ఫొటో, ధర వచ్చేవి. కొత్త సైట్ చేయించాక ఏ లింకు పెట్టినా షాపు పేరు ఒక్కటే వస్తోంది. గూగుల్‌లో మాత్రం చీరలు కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సైట్ చేసినవారికి ఇది చూపించండి. కంప్యూటర్‌లో ఒక చీర పేజీ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కండి. ఖాళీ డివ్, కొన్ని స్క్రిప్టులు తప్ప చీర పేరు కనిపించకపోతే, వాట్సాప్‌కు కనిపించేదీ అంతే. గూగుల్ జావాస్క్రిప్ట్ నడిపి చూస్తుంది. వాట్సాప్ ప్రివ్యూ నడపదు, సర్వర్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (ప్రివ్యూలో చూపాల్సిన పేరు, ఫొటో చెప్పేవి) ఉంటేనే ఫొటో తీసుకుంటుంది.

మీ అమ్మకాలు లింకుల మీదే నడుస్తుంటే చీర పేజీలు సర్వర్‌లోనే తయారవ్వాలి. పాత పీహెచ్‌పీ టెంప్లేటు ఇంకా ఉంటే ఆ పేజీల వరకు దాన్నే తిరిగి పెట్టించండి, కార్ట్ కొత్త పద్ధతిలోనే ఉండనివ్వండి. లేదా రియాక్ట్ సైటయితే నెక్స్ట్ జేఎస్, వ్యూ సైటయితే నక్స్ట్ వాడి మొదటి పేజీని సర్వర్ నుంచి ఇప్పించవచ్చు. ఫొటో అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి అడ్రస్ అయి ఉండాలి. సరిచేశాక కూడా పాత ప్రివ్యూనే వస్తే కంగారు పడకండి, లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అంకె చేర్చి మళ్లీ పంపి చూడండి.