తప్పు పెద్దలది, పోయింది మా అమ్మాయి సీజన్

ప్రశ్న: మేం ఇరవై రెండేళ్లుగా పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. సొంతూరు తెనాలి దగ్గర. మా అమ్మాయి కాలేజీలో మూడో ఏడాది, అక్కడి ఈత జట్టులో ఉంది. తొమ్మిదేళ్ల వయసు నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి పూల్‌కు తీసుకెళ్లింది మావారే. ఆయనకు క్రికెట్ పిచ్చి, పాపకు ఈత పిచ్చి. మొన్న ఏప్రిల్‌లో జట్టు అసిస్టెంట్ కోచ్ మీద ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. అతను ఆడపిల్లలతో అసభ్యంగా ప్రవర్తిస్తున్న సంగతి హెడ్ కోచ్‌కూ, స్పోర్ట్స్ విభాగం పెద్దలకూ రెండేళ్ల ముందే తెలుసనీ, బయటికి పొక్కనివ్వలేదనీ విచారణలో తేలింది. వాళ్లను తీసేశారు. అంతటితో ఆగకుండా ఈ ఏడాది జట్టు సీజన్ మొత్తం రద్దు చేశారు. పాప అన్నం మానేసి ఏడుస్తుంటే మావారు "మంచి పని చేశారు. పెన్ స్టేట్ యూనివర్సిటీకీ ఇలాగే బుద్ధి చెప్పారు. ఈత లేకపోతే ఏం మునిగిపోయింది, చదువుకో" అన్నారు. అప్పటి నుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. ఇంకో సంగతి. ఫిర్యాదు చేసింది పాప రూమ్మేటే. రెండు థ్యాంక్స్‌గివింగ్ పండగలు మా ఇంట్లో గడిపిన పిల్ల. మా పాప ఆ పిల్లకి "నువ్వు నోరు మూసుకుని ఉంటే అందరం ఈదుతుండేవాళ్లం" అని మెసేజ్ పెట్టిందట. ఎవరో చేసిన తప్పుకు పిల్లల్ని శిక్షించడం న్యాయమేనా? వేరే కాలేజీకి మార్చేయమంటారా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, "ఇంకో సంగతి" అని మీరు చివర్లో ముక్తసరిగా రాసిన దాని దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. దానికి వస్తాను. ముందు మీరు అడిగింది చెబుతాను.

మీ అమ్మాయి వైపు నుంచి చూస్తే అది న్యాయం కాదు. ఆ మాట ఇంట్లో ఎవరో ఒకరు ఆ పిల్లతో పైకి అనాలి. ఇంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు.

మీవారు పెన్ స్టేట్ పేరెత్తారు కాబట్టి ఆ కథ సగంలో ఆపకూడదు. 2011 నవంబర్‌లో అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ కోచ్ జెర్రీ శాండస్కీని చిన్నపిల్లల మీద లైంగిక అత్యాచారాల కేసులో అరెస్టు చేశారు. తర్వాతి జూన్‌లో 48 అభియోగాల్లో 45 రుజువయ్యాయి. అతనికి 30 నుంచి 60 ఏళ్ల జైలు పడింది. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. 2001లో ఒక జూనియర్ కోచ్ తన కళ్లతో చూసింది పెద్ద కోచ్ జో పటెర్నోకి చెప్పాడు, పటెర్నో తన పైవాళ్లకు చెప్పాడు, వాళ్లలో ఒక్కరూ పోలీసుల దాకా వెళ్లలేదు. అసలు గాయం అదీ. అందుకని 2012 జులైలో కాలేజీ క్రీడలను నడిపించే ఎన్‌సీఏఏ ఆ ఫుట్‌బాల్ జట్టు మీద విరుచుకుపడింది. 6 కోట్ల డాలర్ల జరిమానా. సీజన్ చివర్లో పేరున్న జట్లు ఆడే బౌల్ ఆటలకు నాలుగేళ్లు దూరం. ఏటా కొత్తగా ఇచ్చే స్కాలర్‌షిప్‌లు 25 నుంచి 15కు కోత. 1998 నుంచి 2011 దాకా గెలిచిన 112 ఆటలు రికార్డుల్లోంచి కొట్టివేత.

ఆ జులైలో జట్టులో ఉన్న కుర్రాళ్ల వయసు లెక్క వేయండి. శాండస్కీ మీద యూనివర్సిటీ పోలీసులకు 1998లో ఫిర్యాదు అందేనాటికి వాళ్లు పలక పట్టుకునే ఈడు పిల్లలు. అరెస్టు జరిగి తొమ్మిది నెలలు తిరక్కుండానే వాళ్లకు శిక్ష పడింది. సంగతి తెలిసీ ఊరుకున్న ముగ్గురు పెద్ద అధికారులకు, అందులో యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఒకరు, కోర్టులో శిక్ష పడేసరికి 2017 వచ్చింది. ఇది చదివితే మీ అమ్మాయి "నేను చెప్పేదీ అదేగా" అంటుంది. అననివ్వండి.

అయితే మీవారి మాటలోనూ పస ఉంది. 2000లో జట్టు స్నానాల గదుల దగ్గర ఘోరం కళ్లారా చూసిన శుభ్రం చేసే సిబ్బంది కూడా నోరు విప్పలేదు. చెబితే తమ ఉద్యోగాలు ఊడతాయని భయపడ్డారని దర్యాప్తు నివేదికలో ఉంది. లక్షమంది పట్టే స్టేడియం, ఊరంతా దేవుడిలా చూసే కోచ్. ఆ వైభవాన్ని చూసే అంత మంది నోళ్లు మూతపడ్డాయి. అలాంటప్పుడు ముగ్గురు మనుషుల్ని మార్చేసి ఆ వైభవాన్ని అలాగే ఉంచితే, రేపు అదే కుర్చీల్లో కూర్చునే కొత్తవాళ్లూ అలాగే నోరు మూసుకుంటారు. ఆట పెరిగి మనిషికన్నా పెద్దదైపోతే దాన్ని కాస్త తగ్గించాలనుకోవడంలో తప్పు లేదు. నన్నడిగితే ఆ జరిమానా మంచి పనే. ఒక కోర్టు వివాదం తర్వాత ఆ డబ్బు పెన్సిల్వేనియాలోనే, పిల్లల మీద అత్యాచారాలు జరగకుండా చూసే పనులకు ఖర్చు పెట్టాలని కుదిరింది. గెలిచిన ఆటల్ని కాగితం మీద కొట్టేయడం మాత్రం నాకు ఏనాడూ అర్థం కాలేదు. దానివల్ల ఏ పిల్లవాడికి ఊరట? 2015లో వాటిని మళ్లీ రాసేసుకున్నారు కూడా. బౌల్ ఆటల మీద నిషేధాన్నీ 2014లోనే ఎత్తేశారు. నాలుగేళ్లని మొదలుపెట్టిన శిక్ష రెండేళ్లకే సడలించారంటే, పడకూడనివాళ్ల మీద పడిందని వాళ్లకే తోచి ఉండాలి. ఇది నా ఊహ.

ఒక్క మంచి పని మాత్రం మొదటిరోజే చేశారు. కావాలంటే వేరే కాలేజీకి వెళ్లి ఆ ఏడాదే ఆడుకోవచ్చని కుర్రాళ్లకు దారి వదిలారు. కొందరు వెళ్లారు. చాలామంది ఉన్నారు. ఉన్నవాళ్లు ఆ సీజన్‌లో ఎనిమిది ఆటలు గెలిచి నాలుగు ఓడారు.

మీవారికి క్రికెట్ పిచ్చి అన్నారు కదా, ఆయనకు 2015 గుర్తుచేయండి. యాజమాన్యం మనుషుల బెట్టింగ్ వ్యవహారం మీద చెన్నై, రాజస్థాన్ ఐపీఎల్ జట్లను రెండేళ్లు పక్కన పెట్టారు. కానీ ధోనీ ఇంట్లో కూర్చోలేదు, పుణె జట్టుకు ఆడాడు. మిగతావాళ్లలో చాలామందికీ వేరే జట్లలో చోటు దొరికింది. శిక్ష జట్టు పేరు మీద పడింది, ఆటగాళ్ల పొట్ట మీద పడలేదు. అదే 2022 ఆగస్టులో మన ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దల గొడవల్లో ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసినప్పుడు గోకులం కేరళ క్లబ్ ఆడపిల్లలు ఆసియా టోర్నీ కోసం అప్పటికే ఉజ్బెకిస్తాన్ చేరుకున్నారు. ఆడకుండానే వెనక్కి వచ్చారు. ఆ నెలలోనే సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ వాళ్ల టోర్నీ వాళ్లకు తిరిగి రాలేదు. మీ అమ్మాయి ఇప్పుడున్నది ఆ పిల్లల చోట. "చదువుకో" అన్న మాట ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో ఆయనకు ఇప్పటికైనా తెలియాలి.

ఎందుకంటే నాలుగున్నరకు లేపినవాడు ఆయనే. ఏళ్ల తరబడి చలిలో కారు అద్దాల మంచు గీకి పూల్ దగ్గర దింపిన నాన్న, ఒక్క పూటలో "ఏం మునిగిపోయింది" అంటే, ఆ పిల్లకి తన ఈతొక్కటే కాదు, ఆ పొద్దులన్నీ కూడా వట్టివే అనిపిస్తాయి. ఆయన తీర్పు మార్చుకోనక్కర్లేదు. నెల రోజులపాటు ఆ తీర్పు గురించి మాట్లాడకుండా ఉంటే చాలు. ఒక శనివారం పొద్దున మునుపటిలా లేపి దగ్గరలోని పూల్‌కు తీసుకెళ్లమనండి. దారిలో ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మన మగవాళ్లకు క్షమాపణ నోటితో రాదు, కారుతో వస్తుంది.

ఇక ఆ మెసేజ్.

మనవాళ్లు అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. మీ అమ్మాయి చేసింది అదే. సీజన్ పోగొట్టింది రెండేళ్లు దాచిపెట్టిన పెద్దలు. వాళ్లను చేరలేక, పక్క మంచం మీద పడుకునే పిల్ల మీద పడింది. ఇలా జరగడం కొత్తేమీ కాదు. పెన్ స్టేట్‌లో పటెర్నోను తీసేసిన రాత్రి వేలమంది విద్యార్థులు రోడ్డెక్కి, ఒక టీవీ వ్యాన్‌ను తిరగేశారు. వార్త చెప్పినవాళ్ల మీద కోపం! రెండు రోజులకు అదే ఆవరణలో బాధిత పిల్లల కోసం కొవ్వొత్తులు వెలిగాయి. మనుషులు చల్లారాక కళ్లు తెరుస్తారు. మీ పాపకూ ఆ రెండు రోజులు రావాలి. అవి మీరు తోస్తే వచ్చేవి కావు.

అందుకే "వెంటనే సారీ చెప్పు" అని పట్టుబట్టకండి. ఒకటి మాత్రం ఒక్కసారే, గట్టిగా కాకుండా, అడగండి: "రెండేళ్ల ముందే పెద్దలు చేయాల్సిన పని చేసి ఉంటే, నీ సీజన్ ఉండేదా లేదా?" ఆలోచించుకోనివ్వండి. జవాబు మీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి ఉందమ్మా. రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. ఆ అసిస్టెంట్ కోచ్ దగ్గర మీ అమ్మాయి కూడా రెండేళ్లు ఈదింది. తెలిసిన పిల్ల ధైర్యంగా బయటికి చెప్పినప్పుడు ఇంత కోపం రావడం వెనక సీజన్ బాధ ఒక్కటే ఉండొచ్చు. నూటికి తొంభై పాళ్లు అంతే అయి ఉంటుంది కూడా. కానీ ఒక్కోసారి, తను చెప్పలేకపోయినది పక్కపిల్ల చెప్పేసిందన్న ఉక్రోషం కూడా అలాగే బయటికొస్తుంది. గుచ్చి గుచ్చి అడగకండి. వంటగదిలో పనిచేసుకుంటూ, ఆమె మొహం వైపు చూడకుండా, "నీతో ఎప్పుడైనా అతను తేడాగా ఉన్నాడా? ఉంటే నాతో ఎప్పుడైనా చెప్పొచ్చు, నేను గొడవ చేయను" అనండి. లేదు అని చెబితే నమ్మండి. ఆ మాట మళ్లీ ఎత్తకండి. తలుపు తెరిచి ఉందని తెలిస్తే చాలు. అవునంటే మాత్రం నాన్నకు ఎప్పుడు చెప్పాలన్నదీ, ఫిర్యాదు చేయాలా అన్నదీ ఆమె చేతిలోనే ఉంచండి. కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి కావాలంటే మీరూ వెంట వెళ్లండి.

కాలేజీ మార్పు సంగతి. "మార్చేయమంటారా" అని రాశారు. ఇరవై ఏళ్ల పిల్లను మార్చడం అంటూ ఉండదు, మారితే తనే మారాలి. పోయిన సీజన్ తన ఆట ఏడాదుల లెక్కలోకి వస్తుందా, స్కాలర్‌షిప్ ఉంటే అది కొనసాగుతుందా, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టడానికి గడువు ఎప్పటిదాకా, పేరు పెట్టాక మనసు మారితే పాత స్కాలర్‌షిప్ ఏమవుతుంది, ఇవి నాలుగూ స్పోర్ట్స్ విభాగంలో నిబంధనల సంగతి చూసే కాంప్లయన్స్ ఆఫీసును ఈమెయిల్‌లో అడగమనండి, జవాబూ ఈమెయిల్‌లోనే తీసుకోమనండి. నోటిమాట నమ్మొద్దు. ఆ విభాగంలో పెద్దలు దాచిపెట్టడం ఒకసారి చూశారు కదా. కోపంలో ఉన్న ఈ వారం మాత్రం సంతకం వద్దు. రూమ్మేట్ మొహం చూడలేక వెళ్లిపోవడం వేరు, ఈత కోసం వెళ్లడం వేరు. మొదటిదైతే గది మారితే సరిపోతుంది.

మీరు అడగలేదు గానీ, ఆ రూమ్మేట్ పిల్ల గురించి కూడా నాకు బెంగగానే ఉంది. జట్టులో ఇంకెంతమంది అలాంటి మెసేజ్‌లు పెట్టారో తెలియదు. ఆ పిల్ల నంబర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. మీ అమ్మాయి తరఫున క్షమాపణ చెప్పకండి, అది ఆమె చేయాల్సిన పని. కేసు గురించీ అడగకండి. "ఎలా ఉన్నావమ్మా, సరిగ్గా తింటున్నావా" అని ఒక్క మెసేజ్ పెట్టండి.