ఆ రాత్రి మీ చేతిలో ఏ కాగితం ఉంది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నకిరేకల్ వైపు ఒక గ్రామం. ఆరేళ్లుగా మా మండల రాజకీయాల మీద ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను. 2022లో మా ఊళ్లో 200 మీటర్ల సీసీ రోడ్డుకు బిల్లు చేసి 140 మీటర్లే వేశారని, మిగతా డబ్బును అప్పటి సర్పంచ్ రెండు చెక్కులతో డ్రా చేసి మింగాడని 2024 డిసెంబర్ 14న పోస్టు పెట్టాను. ఒక వార్డు సభ్యుడు వాట్సాప్‌లో పంపిన ఎం-బుక్ (ఇంజినీరు పని కొలతలు రాసే పుస్తకం) పేజీ ఫొటో నా ఆధారం. రోడ్డును నేనే టేపు పట్టి కొలిచాను. ఇప్పుడు ఆ మాజీ సర్పంచ్, 15 రోజుల్లో క్షమాపణ చెప్పి 10 లక్షల పరిహారం ఇవ్వాలని లాయర్ నోటీసు పంపాడు. పోస్టు తీసెయ్యమని స్టేషన్ నుంచి కూడా ఫోన్ వచ్చింది. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నవాణ్ణి, నిజం రాసినందుకు ఇదా ఫలితం? అమ్మ సరిగా అన్నం తినడం లేదు. పోస్టు పెట్టి ఏడాది దాటింది కనుక కేసు చెల్లదని ఒకరన్నారు, నిజమేనా? వార్డు సభ్యుడు పాత తేదీ స్టాంపు పేపరు మీద వాంగ్మూలం రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో మూడు పేజీలు ఉద్యమం గురించి, ఊళ్లో మీకు జరిగిన అవమానం గురించి, మీ తల్లిగారి గురించి ఉన్నాయి. వాటిలో ఒక్క మాట కూడా కోర్టుకు పనికిరాదు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. మీ వ్యవహారం ఒకే ఒక్క ప్రశ్న మీద తేలుతుంది. ఆ డిసెంబర్ 14 రాత్రి పోస్టు నొక్కే ముందు మీ చేతిలో ఏ కాగితం ఉంది, దాన్ని మీరు ఎంత శ్రద్ధగా చదివారు?

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఎం-బుక్ ఫొటోను పెద్దది చేసి చూశాను. పైన పని పేరు దగ్గర 200 మీటర్లు అని ఉంది, దాన్ని మీరు చూశారు. కింద కొలతల గళ్లలో మొదటి వరుసలో పొడవు 140, వెడల్పు 3, మందం 0.15, చివరి గడిలో ఘనపరిమాణం 63 అని ఉంది, దాన్ని మీరు చూడలేదు. అంటే మీరు టేపుతో కొలిచిన 140 మీటర్లూ, ఇంజినీరు రాసిన మొదటి వరుసా అక్షరాలా ఒకటే. రెండో వరుస మీద ఫొటో తీసినవారి బొటనవేలు పడింది. పేజీ అడుగున కుడి మూలలో సగం తెగిపోయిన రెండు అక్షరాలున్నాయి, అవి 'సి/ఓ'. లెక్క తరువాతి పేజీకి పోయిందని దాని అర్థం. మిగిలిన 60 మీటర్లు పక్క సందులో వేసి ఉండవచ్చు, అసలు వేయకుండానే రాసుకుని ఉండవచ్చు, లేదా 140 మీటర్లకే బిల్లు చేసి పనిని అక్కడితో ఆపేసి ఉండవచ్చు. ఏది నిజమో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియకుండానే మీరు ఒక మనిషిని దొంగ అన్నారు. ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నానని రాసుకున్న మనిషి తరువాతి పేజీ అడగకపోవడం నాకు మింగుడుపడలేదు.

ఇక రెండు చెక్కుల సంగతి. ఆ మాట ఫొటోలో ఎక్కడా లేదు. హోటల్లో టీ తాగుతుంటే విన్నానని ఉత్తరం మూడో పేజీలో మీరే రాశారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. కాబట్టి 'సర్పంచ్ డ్రా చేశాడు' అని రాసేముందు రెండో సంతకం ఎవరిదని అడిగి ఉండాల్సింది. ఉపాధి హామీ సామగ్రి నిధులతో వేసిన రోడ్డయితే డబ్బు నడిచే దారే వేరు. ఏ పద్దు కింద రోడ్డు వేశారో కూడా మీ పోస్టులో లేదు.

ఇప్పుడు చట్టం విషయం. పరువు నష్టం నేరం భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఈ నేరాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయడానికి సుప్రీంకోర్టు 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో నిరాకరించింది కాబట్టి, వాక్ స్వాతంత్ర్యం ఉంది గదా అన్న ఒక్క మాటతో మీరు బయటపడలేరు. మీకు పనికొచ్చేవి ఆ సెక్షన్ కింద ఉన్న మినహాయింపులు. ప్రజాహితం కోసం చెప్పిన నిజం మొదటి మినహాయింపు. ప్రజాహితం కోసం సద్భావంతో చేసిన ఆరోపణ తొమ్మిదోది. అయితే మినహాయింపు వర్తిస్తుందని చూపించాల్సిన భారం నిందితుడి మీదే ఉంటుంది. సద్భావం అంటే మంచి మనసు అని మీరు అనుకుంటున్నట్టున్నారు. చట్టంలో దాని అర్థం వేరు. తగినంత శ్రద్ధ, జాగ్రత్త లేకుండా చేసినదీ నమ్మినదీ సద్భావంతో చేసినట్టు కాదని ఆ సంహిత తన నిర్వచనాల్లోనే రాసింది. మీ నిజాయితీని ఎవరూ కొలవరు, ఆ రాత్రి మీరు పడిన శ్రమను కొలుస్తారు.

మీకు అనుకూలమైన తీర్పులు లేకపోలేదు. హర్భజన్ సింగ్ కేసులో, అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి కుమారుడి మీద పత్రికా ప్రకటన ఇచ్చిన వ్యక్తిని సుప్రీంకోర్టు 1965లో నిర్దోషిగా వదిలిపెట్టింది. తొమ్మిదో మినహాయింపు కింద నిందితుడు తన ఆరోపణను సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదని, సద్భావం ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలని చెప్పింది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో ఇంకొంత ముందుకు వెళ్లింది. ప్రజాధికారి తన అధికారిక విధుల గురించి రాసిన రాతపై నష్టపరిహారం అడిగినప్పుడు, రాసినది తప్పని తేలినా సరే, రాసినవారు సహేతుకంగా సరిచూసుకునే రాశామని చూపితే చాలని తీర్పు చెప్పింది. సర్పంచ్ హోదాలో వేయించిన రోడ్డు అధికారిక విధే కాబట్టి ఈ రెండో తీర్పు సివిల్ దావాలో మీకు గొడుగు లాంటిది. కానీ ఆ గొడుగు పట్టుకోవడానికి 'సరిచూసుకోవడం' అనే పిడి ఉండాలి. వేలు అడ్డుపడిన ఒక ఫొటో, హోటల్లో విన్న ఒక మాట పిడి కాలేవు. మీరు రోడ్డు కొలిచారు గదా, అది మాత్రం మీ వైపు నిలిచే మంచి విషయం. ఏ తేదీన కొలిచారు, టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారు, ఫొటోలు ఉన్నాయా అన్నవి ఈ రోజే రాసిపెట్టుకోండి.

కాలపరిమితి గురించి మీ మిత్రుడు చెప్పింది సగమే నిజం, ఆ సగం కూడా మీకు అక్కరకు రాదు. రాతపూర్వక పరువు నష్టానికి పరిహారం కోరే దావాను, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, ప్రచురించిన నాటి నుంచి ఒక్క ఏడాదిలోపు వేయాలి. ఆ లెక్కన 2024 డిసెంబర్ 14 పోస్టు మీద దావాకు గడువు తీరిపోయింది. ఇంటర్నెట్‌లో ఒక రాత అలాగే ఉండిపోయినంత మాత్రాన రోజుకో కొత్త దావా పుట్టదని ఢిల్లీ హైకోర్టు 2013లో ఖావర్ బట్ కేసులో చెప్పింది. అది మన హైకోర్టును కట్టిపడేసే తీర్పు కాకపోయినా ఉదహరించదగినదే. కానీ మీరు పంపిన స్క్రీన్‌షాట్ల దొంతరలో ఆరోది చూడండి. 2025 ఆగస్టు 15న మీరే ఆ పాత పోస్టును మళ్లీ షేర్ చేసి, పైన 'ఇంతవరకు నోరు విప్పలేదు, దొంగకు స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు' అని కొత్తగా రాశారు. అది కొత్త ప్రచురణ. దాని మీద దావాకు 2026 ఆగస్టు మధ్య వరకు గడువుంది. ఎదుటివారి వకీలు ఈ సంగతి గమనించకుండా ఉంటాడని అనుకోకండి, నోటీసులో రెండు తేదీలూ ఉన్నాయి. క్రిమినల్ ఫిర్యాదుకైతే, రెండేళ్ల శిక్ష గల నేరం కాబట్టి మూడేళ్ల గడువు ఉంటుంది. అంటే మొదటి పోస్టు మీదనే 2027 డిసెంబర్ వరకు తలుపు తెరిచే ఉంది.

స్టేషన్ నుంచి వచ్చిన ఫోన్ గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నారు, అక్కడ భయం అవసరం లేదు. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం కాదు. బాధితుడు స్వయంగా మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. సామాజిక మాధ్యమాల్లో పోస్టుల మీద పెట్టే కేసుల విషయంలో తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబర్‌లో పోలీసులకు మార్గదర్శకాలు ఇస్తూ ఇదే సంగతి గుర్తు చేసింది. మళ్లీ ఫోన్ వస్తే మర్యాదగా, రాతపూర్వకంగా నోటీసు ఇస్తే వచ్చి సమాధానం చెబుతానని చెప్పండి.

ఇక స్టాంపు పేపరు. ఈ ఒక్క విషయంలో మీరు నా మాట వినకపోతే మిగతా సలహా అంతా వృథా. లైసెన్సు ఉన్న స్టాంపు వెండర్ అమ్మిన ప్రతి పేపరు వెనుక వరుస నంబరు, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, అవే అతని రిజిస్టరులోనూ ఉంటాయి. పాత తేదీ పేపరు ఎక్కడో దొరికినా దాని మీద ఎవరి పేరుందో, నోటరీ పుస్తకంలో ఆ రోజు ఏముందో ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాల్లో బయటపెడతాడు. ఇప్పుడు మీ మీద ఉన్నది రాజీ చేసుకోదగిన నేరం, శిక్ష రెండేళ్లకు మించదు. ఆ పేపరు కోర్టులో పెట్టిన మరుక్షణం తప్పుడు సాక్ష్యం సృష్టించడం, ఫోర్జరీ అనే మరింత బరువైన నేరాలు మీ మెడకు చుట్టుకుంటాయి, ఆ వార్డు సభ్యుడి మెడకు కూడా. నిజంగా అతనికి తెలిసిన సంగతి ఉంటే ఈ రోజు తేదీ వేసి, ఫొటో తాను ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గరున్న పుస్తకం నుంచి తీశాడో రాసివ్వమనండి. రాయడానికి వెనకాడితే, బోనెక్కి మీ తరఫున సాక్ష్యం చెప్పడని ఇప్పుడే అర్థం చేసుకోండి.

పేజీని ఎవరో హ్యాక్ చేశారని చెబితే ఎలా ఉంటుందని ఉత్తరం చివర మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశారు. దాన్ని నేను చదవలేదనుకుంటాను.

చేయవలసింది ఇది. రెండు పోస్టులనూ, వాటి లింకు, తేదీ కనిపించేలా, ఒక్క అక్షరం మార్చకుండా భద్రపరచండి. తరువాత వాటిని బయటివారికి కనిపించకుండా చేయండి. సాక్ష్యం దొరకకూడదని చెరిపేయడం నేరం, నకలు దాచుకుని ప్రచారం ఆపడం జాగ్రత్త. వార్డు సభ్యుడి సందేశం ఉన్న ఫోనును మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) కూడా రాయాలి.

ఈ వారంలోనే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి ఒకటి, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ కార్యాలయానికి ఒకటి దరఖాస్తు పెట్టండి. మంజూరు ఉత్తర్వు, అంచనా, ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన అన్ని పేజీలు, చెల్లింపు వోచర్లు, వీటన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లు అడగండి. 'రోడ్డులో అవినీతి వివరాలు ఇవ్వండి' అని రాయకండి, అలాంటి దరఖాస్తు దుమ్ము పట్టడానికే పోతుంది. ఆ చట్టం సమాచారం అంటే కాగితాలొక్కటే అనలేదు, పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. దాన్నీ కోరండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఈ నకళ్లు డిసెంబర్ 14 నాటి మీ శ్రద్ధను వెనక్కి వెళ్లి పెంచవు, ఆ సంగతి మరచిపోవద్దు. కానీ ఆరోపణ నిజమని తేలితే మొదటి మినహాయింపుకు అవే ఊపిరి. పైగా ఇప్పుడు మేజిస్ట్రేట్ ప్రైవేటు ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి మాట వినాలని, క్రిమినల్ విచారణ పద్ధతికి సంబంధించిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఆ మొదటి వాయిదాకే అవి మీ చేతిలో ఉండటం మంచిది.

నోటీసుకు గడువులోపల వకీలు ద్వారా జవాబు ఇవ్వండి. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, సవాళ్లూ వద్దు. రికార్డుల కోసం దరఖాస్తు చేశానని, అవి వచ్చేదాకా పోస్టులను ప్రదర్శన నుంచి తొలగించానని, రికార్డు నా రాతకు విరుద్ధంగా ఉంటే అదే చోట సవరణ ప్రచురిస్తానని చెబితే చాలు. 10 లక్షల అంకెకు నిద్ర పాడుచేసుకోకండి, నోటీసులో రాయడానికి ఖర్చుండదు, దావాలో అడిగితే ఆ మొత్తం మీద ఆయనే ముందు కోర్టు ఫీజు కట్టాలి. తరువాతి పేజీలో 60 మీటర్లు పక్క సందులో కనబడితే, ఆ సందుకు వెళ్లి కొలిచి, ఉంటే సవరణ వెంటనే పెట్టండి, 'దొంగ', 'మింగాడు' అన్న మాటలు పేరుపేరునా వెనక్కి తీసుకోండి. ఆ తరువాత రాజీకి లోక్ అదాలత్ ఉంది, ఆయన ఒప్పుకుంటే కేసు అక్కడే ముగుస్తుంది.

రోడ్డు నిజంగానే లేకపోతే, అదే ఆరోపణను నకళ్లు జతచేసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు, జిల్లా పంచాయతీ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసే ఫిర్యాదుకు 356లో ఎనిమిదో మినహాయింపు విడిగా ఉంది. 2024లో మీరు మొదట వెళ్లాల్సింది ఆ దారినే.

నోటీసు వచ్చిన కవరును పారేయకండి. అది మీకు అందిన తేదీ నుంచే ఆ 15 రోజుల లెక్క. మీ ఉత్తరం ప్రకారం, నేను ఇది రాసే నాటికి అందులో ఆరు రోజులు అయిపోయాయి.